బ్యాకప్ నుంచి కొత్త కంప్యూటర్‌కు: ఫైళ్లతో పాటు ఏమేం రావాలి

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు ముగిసింది. ఇళ్లలో వాడుకునేవారికి మరో ఏడాది పాటు భద్రతా అప్‌డేట్లు అందించే పథకం ఒకటి ప్రకటించారు గానీ, అది గడువును జరిపిందే తప్ప సమస్యను తీర్చలేదు. విండోస్ 11కు టీపీఎం 2.0 అనే భద్రతా చిప్, సెక్యూర్ బూట్ అనే ఆరంభ రక్షణ, ఇంటెల్ అయితే దాదాపుగా 8వ తరం లేదా ఆ పై ప్రాసెసర్ కావాలి కాబట్టి, ఏ లోపమూ లేకుండా నడుస్తున్న కంప్యూటర్లను కూడా మార్చక తప్పడం లేదు. విశాఖపట్నంలో ద్వారకానగర్ అకౌంటెంట్ల ఆఫీసులకూ, గాజువాక పెళ్లి ఫొటో స్టూడియోలకూ, శుభలేఖలు కంపోజ్ చేసే డీటీపీ సెంటర్లకూ, ఉక్కు కర్మాగారంలోనో పోర్టులోనో పనిచేసి రిటైరైన పెద్దల ఇళ్లకూ ఇప్పుడు ఎదురవుతున్న పని ఒకటే: ఏళ్ల తరబడి పోగుపడిన సమాచారాన్ని బ్యాకప్ నుంచి కొత్త కంప్యూటర్‌లోకి తెచ్చుకోవడం.

పైకి ఇది కాపీ చేసుకోవడమంత తేలికగా కనిపిస్తుంది. ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ తగిలించి, ఫోల్డర్లన్నీ కొత్త డ్రైవ్‌లో వేసేస్తే పని అయిపోయిందనిపిస్తుంది. చిక్కులన్నీ ఆ తర్వాత వారం పది రోజుల్లో బయటపడతాయి. ఫైలు ఉంటుంది, తెరుచుకోదు. తెరుచుకుంటుంది, అక్షరాలు చదవడానికి రావు. లెక్కలన్నీ ఉంటాయి, వాటిని చూపించే ప్రోగ్రాముకు లైసెన్సు ఉండదు. దీనికి కారణం బ్యాకప్ తీసే పద్ధతిలోనే ఉంది. సాధారణంగా తీసే బ్యాకప్‌లలో ఎక్కువ భాగం, తీసేవారు అనుకున్నా అనుకోకపోయినా, పాత కంప్యూటర్‌ను మళ్లీ పాత స్థితికి తేవడానికి పనికొచ్చేవి. డిస్కు పాడైతే కొత్త డిస్కు వేసి, అదే యంత్రంలో, అదే యూజర్ పేరుతో, అవే ప్రోగ్రాముల మధ్యకు ఫైళ్లను చేర్చడం ఒక పని. మదర్‌బోర్డు, విండోస్ వెర్షన్, యూజర్ ఖాతా, డ్రైవ్‌ల అక్షరాలు అన్నీ మారిపోయిన మరో యంత్రంలోకి చేర్చడం వేరే పని. మొదటి పనికి చాలిన బ్యాకప్ రెండో పనికి చాలుతుందన్న హామీ లేదు. ఈ తేడాను పాత కంప్యూటర్ ఇంకా ఆన్ అవుతున్న రోజుల్లోనే గుర్తిస్తే చాలా నష్టాలు తప్పుతాయి.

బ్యాకప్ ఎందుకు ఉండాలో విశాఖ వాసులకు ఒకరు చెప్పనక్కర్లేదు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను నగరం వద్దనే తీరం దాటినప్పుడు అద్దాలు పగిలిన భవనాల్లోకి గాలీ వానా చొరబడ్డాయి, రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్లు పలకలేదు. కంప్యూటర్ పక్కనే సొరుగులో పెట్టిన బ్యాకప్ డిస్కు కూడా ఆ కంప్యూటర్‌తో పాటే పోతుందన్న సంగతి అప్పుడు కళ్లకు కట్టింది. మూడు ప్రతులు, రెండు రకాల పరికరాలు, అందులో ఒక ప్రతి వేరే చోట అనే 3-2-1 సూత్రం ఇలాంటి ప్రమాదాలను దృష్టిలో పెట్టుకున్నదే. అయితే ప్రతులు ఎన్ని ఉండాలి, ఎక్కడ ఉండాలి అన్నంత వరకే ఆ సూత్రం జవాబిస్తుంది. ఆ ప్రతిలో నిజంగా ఏముంది, పాత యంత్రం లేకుండా అది తెరుచుకుంటుందా అన్నది విడిగా తేల్చుకోవలసిందే.

బ్యాకప్‌లో ఉన్నదేమిటి

బ్యాకప్ అనే ఒకే మాటతో జనం పిలిచేవి నిజానికి మూడు నాలుగు రకాలు. ఫోల్డర్లను ఉన్నవి ఉన్నట్టుగా డిస్కులో కాపీ చేసుకోవడం ఒకటి. ఫైల్ హిస్టరీ వంటి ప్రోగ్రాము తనంతట తాను తీస్తూ పోయే ప్రతులు మరొకటి. డిస్కు మొత్తాన్ని ఒకే ముద్దగా భద్రపరిచే సిస్టమ్ ఇమేజ్ ఇంకొకటి. గూగుల్ డ్రైవ్, వన్‌డ్రైవ్ వంటి ఆన్‌లైన్ ఖాతాలు చివరివి. కొత్త కంప్యూటర్‌కు వెళ్లేటప్పుడు ఒక్కొక్కటి ఒక్కో రకంగా ప్రవర్తిస్తుంది.

వీటిలో జనానికి అతి ఎక్కువ నమ్మకం సిస్టమ్ ఇమేజ్ మీద. డిస్కులో ఉన్న ప్రతి బిట్టూ అందులో ఉంది కాబట్టి అంతకంటే పూర్తి బ్యాకప్ ఉండదన్న తర్కం సరైనదే, అదే కంప్యూటర్ విషయంలో. వేరే కంప్యూటర్‌లో దింపితే ఆ ఇమేజ్ తనతో పాటు పాత మదర్‌బోర్డుకు రాసిన డ్రైవర్లనూ, పాత విండోస్‌నూ, పాత బూట్ విధానాన్నీ తెస్తుంది. పాత యంత్రం లెగసీ బయోస్ అనే పాత బూట్ పద్ధతిలో, ఎంబీఆర్ అనే పాత తరహా విభజన ఉన్న డిస్కుతో నడిచి ఉంటే, యూఈఎఫ్ఐ అనే కొత్త పద్ధతి మాత్రమే ఉన్న కొత్త ల్యాప్‌టాప్ దాన్ని బూట్ చేయదు. బూట్ అయినా, కంప్యూటర్‌తో పాటు వచ్చిన ఓఈఎం విండోస్ లైసెన్సు పాత మదర్‌బోర్డుకే చెందినది. పైగా, విండోస్ 10 వద్దనుకుని కొత్తది కొన్నవారు ఇమేజ్ దింపితే మళ్లీ విండోస్ 10లోనే తేలతారు. విండోస్‌లో ఉన్న సిస్టమ్ ఇమేజ్ సాధనాన్ని మైక్రోసాఫ్ట్ 2017లోనే అభివృద్ధి ఆపేసిన జాబితాలో చేర్చింది. ఇంతకీ ఇమేజ్‌ను పూర్తిగా పక్కన పెట్టాలని కాదు. దాన్ని కొత్త యంత్రంలో దింపకుండా, ఒక అదనపు డ్రైవ్‌గా తెరిచి, అందులోంచి కావలసిన ఫైళ్లను తీసుకోవచ్చు. ఏదో ఫోల్డర్ మరిచిపోయామని నెల తర్వాత గుర్తొచ్చినప్పుడు ఆదుకునేది ఆ ఇమేజే.

ఫైల్ హిస్టరీ 2012లో విండోస్ 8తో వచ్చింది. అది ప్రతి ఫైలుకు మారినప్పుడల్లా ఒక ప్రతి తీసి, ఫైలు పేరు చివర తేదీ, సమయం చేర్చి దాచుకుంటుంది. ఆ డిస్కును కొత్త కంప్యూటర్‌కు తగిలించి ఫోల్డర్‌ను నేరుగా కాపీ చేసుకుంటే ఒకే ఉత్తరానికి ఇరవై ప్రతులు, ఇరవై తేదీలతో వచ్చి పడతాయి. ఏది చివరిదో వెతుక్కోవలసి వస్తుంది. రీస్టోర్ ఎంపిక ద్వారా తీసుకుంటే చివరి ప్రతి తన అసలు పేరుతో తన స్థానానికి చేరుతుంది. అంతకంటే పెద్ద లోపం మరొకటి ఉంది. ఫైల్ హిస్టరీ దానంతట అది చూసేది డాక్యుమెంట్స్, పిక్చర్స్, డెస్క్‌టాప్ వంటి యూజర్ ఫోల్డర్లనే. మన దగ్గర దశాబ్దాలుగా ఉన్న అలవాటు వేరు. కంప్యూటర్ కొన్న రోజునే దుకాణంలో డిస్కును సి, డి, ఇ అని విడగొట్టించి, “సిస్టమ్ ఫార్మాట్ చేసినా పోకుండా” ముఖ్యమైనవన్నీ డి డ్రైవ్‌లో పెట్టుకుంటారు. ఆ జాగ్రత్త ఆ కాలానికి సరైనదే. కానీ డి డ్రైవ్‌ను ప్రత్యేకంగా చేర్చకపోతే, ఏళ్ల తరబడి నమ్మకంగా నడిచిన ఫైల్ హిస్టరీలో అసలైన సమాచారమే ఉండదు. డి డ్రైవ్ సి డ్రైవ్‌కు బ్యాకప్ అనుకునేవారు కూడా ఉన్నారు. రెండూ ఒకే డిస్కు మీది భాగాలు కాబట్టి డిస్కు చెడితే రెండూ కలిసే పోతాయి.

దీనికి విరుద్ధమైన పొరపాటు కూడా సాధారణమే. అంతా డి డ్రైవ్‌లోనే ఉందన్న ధీమాతో దాన్నొక్కదాన్నే కాపీ చేసుకుంటారు. డెస్క్‌టాప్ మీది ఫైళ్లు, డౌన్‌లోడ్స్, అవుట్‌లుక్ మెయిళ్లు, బ్రౌజర్ బుక్‌మార్కులు, స్టిక్కీ నోట్స్‌లో రాసుకున్నవి సి డ్రైవ్‌లోని యూజర్ ఫోల్డర్‌లో ఉంటాయి. అందులో కొంత భాగం యాప్‌డేటా అనే దాచిన ఫోల్డర్‌లో ఉండటం వల్ల కంటికి కూడా కనిపించదు.

ఆన్‌లైన్ నిల్వ విషయంలో జాగ్రత్త పడవలసింది ఇంకో చోట. 2017 నుంచి వన్‌డ్రైవ్‌లో ఉన్న సదుపాయం ప్రకారం, ఫైలు పేరు, బొమ్మ మాత్రమే కంప్యూటర్‌లో కనిపిస్తాయి, అసలు ఫైలు మైక్రోసాఫ్ట్ సర్వర్‌లో ఉంటుంది. పేరు పక్కన చిన్న మేఘం గుర్తు ఉంటే ఆ ఫైలు ఇక్కడ లేదని అర్థం. అలాంటి ఫోల్డర్‌ను బ్యాకప్ తీసే ప్రోగ్రాములు కొన్ని ఆ ఖాళీ గుర్తునే భద్రపరుస్తాయి. డిస్కులో వేల ఫైళ్ల పేర్లు కనిపిస్తాయి, లోపల ఏమీ ఉండదు. బ్యాకప్‌కు ముందు ఆ ఫోల్డర్లను “ఎప్పుడూ ఈ పరికరంలోనే ఉంచు” అనే ఎంపికకు మార్చి, పూర్తిగా దిగేదాకా ఆగాలి. 100 ఎంబీపీఎస్ కనెక్షన్ పూర్తి వేగంతో నడిచినా 400 జీబీ దిగడానికి దాదాపు 9 గంటలు పడుతుంది గనుక ఇది సాయంత్రం మొదలుపెట్టి మర్నాడు చూసుకునే పని. విండోస్ 11లోని విండోస్ బ్యాకప్ యాప్ సెట్టింగులనూ, ఫోల్డర్లనూ వన్‌డ్రైవ్‌కే పంపుతుంది. ఉచితంగా వచ్చే స్థలం 5 జీబీ మాత్రమే, ఒక కుటుంబం ఫొటోలకు అది ఏ మూలకూ రాదు. 2025 అక్టోబర్‌లోనే గూగుల్ విశాఖలో ఐదేళ్లలో 1500 కోట్ల డాలర్ల పెట్టుబడితో భారీ డేటా కేంద్రాన్ని ప్రకటించింది. సర్వర్ మన ఊళ్లోనే ఉన్నా, ఖాతా పాస్‌వర్డ్ మరిచిపోయి, ఓటీపీ వచ్చే ఫోన్ నంబరు ఎప్పుడో మార్చేసి ఉంటే ఆ ఫైళ్లు అందవు. పెద్దవారి ఖాతాల్లో ఈ ఇబ్బంది మరీ ఎక్కువ, కాబట్టి పాత కంప్యూటర్‌లో లాగిన్ అయి ఉన్నప్పుడే రికవరీ ఫోన్ నంబరును, మెయిల్‌ను సరిచేసుకోవాలి.

కాపీ కానివి

ఫైలును కాపీ చేయవచ్చు, దాన్ని తెరిచే అధికారాన్ని కాపీ చేయలేం. బదిలీలో నిజమైన నష్టాలు ఎక్కువగా ఇక్కడే జరుగుతాయి.

మొదటిది బిట్‌లాకర్, అంటే కీ లేనిదే చదవడానికి వీల్లేకుండా డిస్కును ఎన్‌క్రిప్ట్ చేసే విండోస్ తాళం. విండోస్ 11లో, ముఖ్యంగా 24హెచ్2 వెర్షన్ నుంచి, మైక్రోసాఫ్ట్ ఖాతాతో కొత్తగా సెటప్ చేసిన చాలా కంప్యూటర్లలో డిస్కు ఎన్‌క్రిప్షన్ అడగకుండానే ఆన్ అవుతుంది. దాన్ని తెరిచే కీ మదర్‌బోర్డులోని టీపీఎంలో ఉంటుంది కాబట్టి రోజువారీ వాడకంలో అది ఉన్నట్టే తెలియదు. మదర్‌బోర్డు కాలిపోయి, డిస్కును తీసి వేరే కంప్యూటర్‌కు తగిలించిన రోజున 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. ఆ కీ లేకపోతే డిస్కు ఎంత ఆరోగ్యంగా ఉన్నా అది తాళంచెవి పాత ఇంట్లో వదిలేసి మోసుకొచ్చిన ఇనప్పెట్టెతో సమానం. ఏ దుకాణంలోని ఏ నిపుణుడూ దాన్ని తెరవలేడు. కీ సాధారణంగా మైక్రోసాఫ్ట్ ఖాతాలో నమోదై ఉంటుంది; అక్కడ చూసి కాగితం మీద రాసి, కంప్యూటర్‌కు దూరంగా దాచుకోవాలి.

బ్రౌజర్‌లో దాచుకున్న పాస్‌వర్డులు కూడా ఇలాంటివే. క్రోమ్ ప్రొఫైల్ ఫోల్డర్‌ను యథాతథంగా తెచ్చి కొత్త కంప్యూటర్‌లో పెట్టినా బుక్‌మార్కులు వస్తాయి గానీ పాస్‌వర్డులు రావు, ఎందుకంటే అవి పాత కంప్యూటర్‌లోని విండోస్ యూజర్ ఖాతాకు ముడిపడిన కీతో ఎన్‌క్రిప్ట్ అయి ఉంటాయి. వాటిని పాత యంత్రంలోనే గూగుల్ ఖాతాతో సింక్ చేయాలి, లేదా ఫైలుగా ఎగుమతి చేసి, కొత్త దాంట్లో దిగుమతి కాగానే ఆ ఫైలును తుడిచేయాలి. ఎగుమతి చేసిన ఫైలులో పాస్‌వర్డులన్నీ ఎవరైనా చదవగలిగేలా ఉంటాయి.

డిజిటల్ సంతకం సంగతి అకౌంటెంట్లకు, కాంట్రాక్టర్లకు బాగా తెలుసు. ఆదాయపు పన్ను రిటర్నులకూ, కంపెనీల జీఎస్‌టీకీ, ఈ-టెండర్లకూ వాడే డీఎస్‌సీ (డిజిటల్ సంతకపు సర్టిఫికెట్) తాలూకు ప్రైవేట్ కీ యూఎస్‌బీ టోకెన్‌లోనే ఉంటుంది, బయటికి రాదు. ఏ బ్యాకప్‌లోనూ అది లేకపోవడం లోపం కాదు, దాని భద్రతే అది. కొత్త కంప్యూటర్‌లో టోకెన్ డ్రైవరు, సంతకం చేయించే సహాయక ప్రోగ్రాము వేసి, ఆ టోకెన్ పాస్‌వర్డ్ గుర్తుందో లేదో చూసుకుంటే సరిపోతుంది. ఈ పరీక్షను రిటర్నుల చివరి తేదీ నాడు పెట్టుకోకూడదు.

లెక్కలు రాసే ప్రోగ్రాము టాలీలో రెండు వేర్వేరు వస్తువులున్నాయి: డేటా, లైసెన్సు. డేటా ఫోల్డర్‌ను కాపీ చేసుకోవచ్చు, టాలీలోనే ఉన్న బ్యాకప్ ఎంపికతోనూ తీసుకోవచ్చు. ఏ పద్ధతి అయినా టాలీని అన్ని కంప్యూటర్లలోనూ మూసేశాకే తీయాలి, లేకపోతే ఆ క్షణంలో తెరిచి ఉన్న ఫైళ్లు సగం రాసిన స్థితిలో రావచ్చు. లైసెన్సు మాత్రం కాపీతో రాదు. పాత కంప్యూటర్‌లో దాన్ని సరెండర్ చేసి, అంటే ఆ యంత్రం నుంచి విడిపించి, కొత్త దాంట్లో యాక్టివేట్ చేయాలి. పాత సిస్టమ్‌ను ముందే ఫార్మాట్ చేసేసినవారు ఇక్కడ ఆగిపోతారు. వెర్షన్ విషయంలోనూ శ్రద్ధ అవసరం. కొత్త రిలీజ్‌లో తెరిచి మార్చిన డేటాను పాత రిలీజ్ తెరవలేదు. అందుకే మొదటిసారి కొత్త కంప్యూటర్‌లో తెరిచే ముందు పాత డేటా ప్రతి ఒకటి ముట్టుకోకుండా ఉండాలి. సీజీఎస్‌టీ చట్టం 36వ సెక్షన్ ప్రకారం లెక్కల పుస్తకాలను వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలల పాటు భద్రపరచాలి. ఆరేళ్ల కిందటి కంపెనీ ఫోల్డర్ కూడా కొత్త యంత్రంలో తెరుచుకుని, లెడ్జర్ చూపించినప్పుడే ఆ బాధ్యత తీరినట్టు. ఈ ఏడాది లెక్కలు మాత్రమే తెరిచి చూసి తృప్తి పడటం తప్పు.

తెలుగు ఫైళ్ల ప్రత్యేక కష్టం

ఇంగ్లిష్‌లో ఫైలు వచ్చిందంటే వచ్చినట్టే. తెలుగులో అలా అనుకోవడానికి లేదు, ఈ విషయంలో మన డీటీపీ సెంటర్లు, చిన్న ప్రెస్సులు పడే కష్టం గురించి ఎవరూ తగినంతగా రాయడం లేదు.

ప్రతి భాష అక్షరానికీ సొంత సంకేతమిచ్చే యూనికోడ్ విస్తృతంగా రాకముందు నుంచీ, ఇప్పటికీ చాలా చోట్ల, తెలుగు కంపోజింగ్ అను ఫాంట్లతో, పేజీలు కూర్చే పాత ప్రోగ్రాము పేజ్‌మేకర్‌లో సాగుతోంది. ఆ ఫైలు లోపల తెలుగు అక్షరమేదీ లేదు. ఇంగ్లిష్ అక్షరాల, గుర్తుల సంకేతాలున్న చోట్ల తెలుగు ఆకారాలు గీసిన ఫాంటు వాటిని తెలుగుగా చూపిస్తుంది. ఆ ఫాంటు లేని కొత్త కంప్యూటర్‌లో అదే ఫైలు అర్థం లేని గుర్తుల వరుసగా కనిపిస్తుంది. ఫైలు ఏమాత్రం చెడలేదు, చదివే సాధనం మాత్రం రాలేదు. పేజ్‌మేకర్ చివరి ప్రధాన వెర్షన్ 7.0 వచ్చింది 2001లో. విండోస్ 11లో అది ఇబ్బంది లేకుండా నడుస్తుందని ఎవరూ హామీ ఇవ్వరు. ఫాంట్లు, వాటి కీబోర్డు ప్రోగ్రాము, దాని లైసెన్సు, చేతికి అలవాటైన కీబోర్డు లేఅవుట్, వీటిలో ఏ ఒక్కటి లేకపోయినా ఆపరేటర్ పని ఆగుతుంది.

అందుకని తెలుగు కంపోజింగ్ చేసేవారు డేటా బదిలీకి ముందే పాత కంప్యూటర్‌లో చేయవలసిన పని ఒకటి ఉంది. ముఖ్యమైన ప్రతి పేజ్‌మేకర్ ఫైలుకూ ఫాంట్లు పొదిగిన పీడీఎఫ్ ఒకటి తీసి పక్కన పెట్టాలి. తర్వాత ఏం జరిగినా ఆ పుస్తకం ఎలా ఉండేదో చూడటానికీ, అచ్చు వేయడానికీ ఆ పీడీఎఫ్ పనికొస్తుంది. రెండో అడుగుగా, మళ్లీ దిద్దవలసిన రచనలను మార్పిడి సాధనాలతో యూనికోడ్‌లోకి మార్చుకోవచ్చు. ఆ మార్పిడిలో ఒత్తులు, అరుదైన సంయుక్తాక్షరాలు కొన్ని తారుమారు అవుతాయి కాబట్టి మళ్లీ ఒక ప్రూఫు చదవడం తప్పదు. ఇంత శ్రమ అందరికీ అవసరం లేదు గానీ, ఒక ఊరి దేవాలయ చరిత్రో, ఒక కవి సంపుటాల మొత్తమో ఒక చిన్న సెంటర్ కంప్యూటర్‌లో మాత్రమే ఉన్న సందర్భాలు ఉత్తరాంధ్రలో లేకపోలేదు. అలాంటి చోట పాత యంత్రాన్ని అమ్మేయకుండా, నెట్‌కు కలపకుండా, కంపోజింగ్‌కు మాత్రమే ఉంచుకోవడం సమంజసం.

యూనికోడ్‌లో రాసిన ఫైళ్లకు కూడా చిన్న చిన్న తేడాలు వస్తాయి. విండోస్ ఎక్స్‌పీ కాలం నుంచి వాడిన గౌతమి ఫాంటు విండోస్ 11లో ముందుగా ఉండదు, వాణి కూడా ఉండదు. వాటి బదులు నిర్మల యూఐ కనిపిస్తుంది. అక్షరాలు చదవడానికి వస్తాయి, కానీ పంక్తుల పొడవులు మారి 40 పేజీల పత్రం 43 పేజీలు కావచ్చు, విషయసూచికలోని పేజీ అంకెలు తప్పవచ్చు. సెట్టింగులలోని ఐచ్ఛిక సదుపాయాల నుంచి తెలుగు అదనపు ఫాంట్లను చేర్చుకుంటే ఆ రెండూ తిరిగి వస్తాయి.

ఫైళ్ల పేర్లు తెలుగులో పెట్టుకునేవారికి మరో హద్దు అడ్డొస్తుంది. విండోస్‌లో చాలా ప్రోగ్రాములు డ్రైవ్ నుంచి ఫైలు పేరు దాకా మొత్తం దారి 260 సంకేతాలు దాటితే ఆ ఫైలును కాపీ చేయలేవు. ఇంగ్లిష్‌లో ఒక అక్షరం ఒక సంకేతం. తెలుగులో “స్త్రీ” అనే ఒక్క అక్షరానికి ఆరు సంకేతాలు పడతాయి. పాత ఫోల్డర్‌ను “పాత సిస్టమ్ బ్యాకప్” అనే మరో ఫోల్డర్‌లోకి, దాన్ని ఇంకో ఫోల్డర్‌లోకి దూర్చేకొద్దీ దారి పొడవై, లోపలి ఫైళ్లు కొన్ని మిగిలిపోతాయి. బ్యాకప్‌ను డ్రైవ్ మొదట్లోనే, పొట్టి పేరున్న ఫోల్డర్‌లో దింపుకోవడం దీనికి సులువైన విరుగుడు. పాత జిప్ ప్రోగ్రాములతో కట్టిన తెలుగు పేర్ల ఫైళ్లు విప్పేటప్పుడు ప్రశ్నార్థకాలుగా మారడం కూడా ఉంది. విషయం చెడదు, పేరు పోతుంది, అంతే.

దింపుకోవడం, సరిచూడటం

వేగం గురించి ముందే అంచనా ఉంటే కంగారు పడి మధ్యలో తీగ లాగేయడం జరగదు. యూఎస్‌బీ 2.0 పోర్టు ద్వారా సెకనుకు సుమారు 35 ఎంబీ వస్తే, 500 జీబీకి దాదాపు 4 గంటలు పడుతుంది. యూఎస్‌బీ 3.0 హార్డ్ డిస్క్ సెకనుకు 110 ఎంబీ ఇస్తే అదే పని గంటా పావులో పూర్తవుతుంది. లక్షల కొద్దీ చిన్న ఫైళ్లుంటే ఈ లెక్క పనిచేయదు, సమయం కొన్ని రెట్లు పెరుగుతుంది. పెన్‌డ్రైవ్ ఎఫ్ఏటీ32 పద్ధతిలో ఉంటే 4 జీబీ మించిన వీడియో ఒక్కటి కూడా ఎక్కదు. పెళ్లి వీడియోలు తీసుకెళ్లే స్టూడియోలు దాన్ని ఎక్స్‌ఫ్యాట్‌కు మార్చుకోవడం మంచిది. స్టూడియోల్లో ఫొటోలు దిద్దే ప్రోగ్రాములు ప్రతి ఫొటో ఏ డ్రైవ్‌లో ఏ దారిలో ఉందో గుర్తుపెట్టుకుంటాయి. పాత కంప్యూటర్‌లో ఇ డ్రైవ్‌గా ఉన్న డిస్కు కొత్త దాంట్లో ఎఫ్ డ్రైవ్ అయితే, దిద్దుబాట్లన్నీ ఉండి కూడా ఫొటోలు కనిపించడం లేదని చూపిస్తుంది. డిస్క్ మేనేజ్‌మెంట్‌లో పాత అక్షరాన్నే ఇస్తే ఆ సమస్య పోతుంది.

కరెంటు గురించి ఒక మాట చెప్పాలి. డెస్క్‌టాప్ కంప్యూటర్‌కు కాపీ జరుగుతున్నప్పుడు యూపీఎస్ లేకుండా కూర్చోవడం, వేసవి సాయంత్రాల్లో, తుపాను హెచ్చరిక ఉన్న రోజుల్లో మరీ ప్రమాదం. డిస్కు మీద రాయడం సగంలో ఆగితే ఆ ఒక్క ఫైలే కాకుండా ఫైళ్ల పట్టిక కూడా దెబ్బతినవచ్చు.

కాపీ అయ్యాక ఫైళ్ల సంఖ్య, మొత్తం పరిమాణం రెండు చోట్లా సరిపోల్చడం అందరూ చేయగలిగిన పని, చేయవలసిన పని. కానీ సంఖ్య సరిపోయినంత మాత్రాన ఫైళ్లు బాగున్నాయని రుజువు కాదు. పాత డిస్కు మీద చెడిన భాగం నుంచి తప్పుగా చదివిన ఫైలు కూడా అదే పరిమాణంతో వస్తుంది. ముఖ్యమైన ఫోల్డర్లకు రెండు వైపులా ఎస్‌హెచ్ఏ-256 హ్యాష్ (ఫైలులోని విషయం నుంచి లెక్కగట్టే, వేలిముద్ర వంటి సంకేతం) తీసి పోల్చితే ఒక్క బిట్టు తేడా ఉన్నా తెలుస్తుంది. విండోస్‌లో ఉన్న రోబోకాపీ పెద్ద ఫోల్డర్లకు నమ్మదగిన సాధనం, ఏ ఫైలు రాలేదో చిట్టా రాసి పెడుతుంది. దాని మిర్రర్ ఎంపికను మాత్రం పూర్తిగా అర్థం చేసుకోకుండా వాడకూడదు. మూలంలో లేని ఫైళ్లను అది గమ్యంలో తుడిచేస్తుంది, మూలాన్నీ గమ్యాన్నీ తారుమారు చేస్తే కొత్త ఖాళీ ఫోల్డర్ పాత బ్యాకప్‌ను ఖాళీ చేసేస్తుంది.

హ్యాష్ సరిపోయినా అసలు పరీక్ష తెరిచి చూడటమే. ప్రతి రకం ఫైలులోనూ అన్నిటికంటే పాతది ఒకటి, అన్నిటికంటే పెద్దది ఒకటి, నిన్న మొన్న మార్చినది ఒకటి తెరవాలి. అవుట్‌లుక్ వాడేవారు మెయిళ్లు దాచే పీఎస్‌టీ ఫైలును తెచ్చుకున్నారా, వేరే కంప్యూటర్‌లో తెరుచుకోని ఓఎస్‌టీనే తెచ్చుకున్నారా అన్నది ఈ పరీక్షలోనే బయటపడుతుంది. “యాక్సెస్ డినైడ్” అని వచ్చే ఫోల్డర్లు కూడా ఇక్కడే కనిపిస్తాయి. పాత కంప్యూటర్‌లోని యూజర్ ఖాతాకు ఇచ్చిన హక్కులు డిస్కు మీద రాసి ఉంటాయి, కొత్త కంప్యూటర్‌లో అదే పేరు పెట్టుకున్నా లోపలి గుర్తింపు సంఖ్య వేరు. అడ్మినిస్ట్రేటర్‌గా ఆ ఫోల్డర్ యాజమాన్యాన్ని తీసుకుంటే తెరుచుకుంటుంది. దీన్ని చూసి ఫైళ్లు పోయాయని బెంబేలుపడి డిస్కును ఫార్మాట్ చేసినవారి నష్టం పూడ్చలేనిది.

దింపే ముందు బ్యాకప్ డిస్కును యాంటీవైరస్‌తో పూర్తిగా స్కాన్ చేయడం మామూలు సలహాయే అయినా వదలదగినది కాదు. 2017 మేలో ప్రపంచమంతటా వ్యాపించిన వానాక్రై అనే రాన్సమ్‌వేర్ (ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే హానికర ప్రోగ్రాము) ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లలో కొన్నిటిని కూడా తాకింది. అలాంటి రాన్సమ్‌వేర్ ఆ క్షణంలో తగిలించి ఉన్న బ్యాకప్ డిస్కును కూడా వదలదు. పని కాగానే డిస్కు తీసి పక్కన పెట్టే అలవాటు ఎందుకు అవసరమో దీన్నిబట్టి తెలుస్తుంది.

పాత యంత్రం, పాత డిస్కు

బదిలీ ముగిసిన మర్నాడే పాత కంప్యూటర్‌ను ఎక్స్చేంజ్‌కు ఇచ్చేయడం తొందరపాటు. నెలాఖరు లెక్కలు, మూడు నెలలకోసారి వేసే రిటర్నులు, ఏడాదికోసారి తీసే ఫైళ్లు వాటి వంతు వచ్చినప్పుడే గుర్తొస్తాయి. వ్యాపారానికైతే కనీసం ఒక త్రైమాసికం, ఇంటికైతే నెలా రెండు నెలలు దాన్ని తుడవకుండా ఉంచడం న్యాయం. చోటు లేక, ధర పడిపోతుందన్న భయంతో వెంటనే ఇవ్వవలసి వస్తే డిస్కును మాత్రం తీసి ఉంచుకోవచ్చు. దాన్ని యూఎస్‌బీ కేసింగ్‌లో వేస్తే ఎక్స్‌టర్నల్ డిస్కుగా పనిచేస్తుంది. స్టోరేజీని బోర్డుకే అతికించిన ల్యాప్‌టాప్‌లలో ఆ వీలు ఉండదు.

అలా తీసి ఉంచిన డిస్కును ఎలా దాచాలన్నది విశాఖ వాతావరణంలో పట్టించుకోవలసిన విషయం. సముద్రానికి దగ్గరి ఇళ్లలో ఉప్పుగాలి, తేమ లోహపు కనెక్టర్లను తినేస్తాయి కాబట్టి గాలి చొరబడని డబ్బాలో సిలికా జెల్ పొట్లాంతో ఉంచాలి. ఎస్ఎస్‌డీ (సమాచారాన్ని చిప్‌లలో దాచే డిస్కు) అయితే ఇంకో హద్దు ఉంది. పరిశ్రమ ప్రమాణం ప్రకారం, రాతల సామర్థ్యం పూర్తిగా వాడేసిన సాధారణ ఎస్ఎస్‌డీ 30 డిగ్రీల వేడిలో, కరెంటు లేకుండా, సమాచారాన్ని ఒక ఏడాది నిలపగలిగితే చాలు. కొత్త ఎస్ఎస్‌డీ అంతకంటే చాలా ఎక్కువ కాలమే నిలుపుతుంది గానీ, వేడి పెరిగేకొద్దీ ఆ కాలం తగ్గుతుంది. ఏళ్ల తరబడి బీరువాలో ఉంచే ప్రతికి మామూలు హార్డ్ డిస్కే మెరుగు, దాన్ని కూడా ఏడాదికి ఒకటి రెండుసార్లు తగిలించి చూడాలి.

కొత్త కంప్యూటర్‌కు బ్యాకప్ మొదలుపెట్టేటప్పుడు పాత బ్యాకప్ ఉన్న డిస్కునే వాడటం ఖర్చు కలిసొచ్చే పనిగా కనిపిస్తుంది. చాలా బ్యాకప్ ప్రోగ్రాములు చోటు చాలనప్పుడు అన్నిటికంటే పాత ప్రతులను ముందుగా తీసేస్తాయి; కొత్త యంత్రంలోకి ఇంకా చేరని ఫైలు ఏదైనా ఉంటే అది ఉండేది సరిగ్గా ఆ ప్రతుల్లోనే. అందుచేత కొత్త బ్యాకప్‌కు వేరే డిస్కు కొనాలి, పాత డిస్కు మీద ఇక ఏమీ రాయకూడదు. పాత కంప్యూటర్‌ను ఇచ్చే రోజు వచ్చినప్పుడు ముందు టాలీ, ఇతర ప్రోగ్రాముల లైసెన్సులు సరెండర్ చేసి, ఖాతాలన్నిటి నుంచీ లాగౌట్ అయి, ఆ తర్వాతే డిస్కును తుడవాలి. హార్డ్ డిస్కుకు క్విక్ ఫార్మాట్ చాలదు, మొత్తం మీద ఒకసారి కొత్తగా రాయించాలి. ఎస్ఎస్‌డీకి తయారీదారు ఇచ్చే సెక్యూర్ ఎరేజ్‌ను వాడాలి, అది దొరకనప్పుడు డిస్కు మొత్తాన్నీ బిట్‌లాకర్‌తో ఎన్‌క్రిప్ట్ చేసి ఆపైన రీసెట్ చేయాలి.